‘మందేమైనా తీసుకున్నాడా?’: యాంటీబయాటిక్ వాడుతుండగా పైకడుపు నొప్పి వస్తే ఏం చేయాలి

రాత్రి పదకొండున్నర. బెంగళూరు తూర్పు వైపు ఒక ఆసుపత్రి క్యాజువాలిటీ. మంచం మీద ఇరవయ్యారేళ్ళ కుర్రాడు మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని ముడుచుకుపోయాడు. పక్కన మదనపల్లె నుంచి కొడుకుని చూసిపోదామని వచ్చిన తల్లి. డ్యూటీ డాక్టరు కన్నడిగుడు. రోగుల దగ్గర నేర్చుకున్న తెలుగులో మర్యాదగానే అడిగాడు: "అమ్మా, మందేమైనా తీసుకున్నాడా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "మావాడు అట్లాంటోడు కాదు సార్. ఇంతవరకు ముట్టింది లేదు."

ఆయన అడిగింది మాత్రల గురించి. ఆవిడ చెప్పింది సీసా గురించి. కేసు షీట్లో ‘మందులేమీ వాడటం లేదు’ అని పడింది. ఆ ఆసుపత్రిలో నేను ఫార్మసిస్టుని. మర్నాడు పొద్దున రౌండ్లో మళ్ళీ అడిగితే, కుర్రాడి జీన్స్ జేబులోంచి కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క బయటికొచ్చింది. మిగిలినవి రెండు మాత్రలు. రేకు మీద పేరులో తోక మాత్రమే ఉంది, ‘డజోల్’ అని. విరేచనాలు పట్టుకుంటే తానుండే పీజీ హాస్టల్ పక్కనున్న మెడికల్ షాపులో, చీటీ లేకుండా, ఐదు రోజుల కిందట కొనుక్కున్న మెట్రోనిడజోల్ అది. అప్పటికే రక్త పరీక్షలో క్లోమం (ప్యాంక్రియాస్) వాచిందని తేలిపోయింది. ఎందుకు వాచిందో వెతుకుతున్నారు.

ఇది రాస్తున్నది మిమ్మల్ని మాత్రలంటే భయపెట్టడానికి కాదు. క్లోమం వాపుకి, అంటే అక్యూట్ ప్యాంక్రియాటైటిస్‌కి, ఎక్కువగా కారణమయ్యేవి రెండే: పిత్తాశయంలో రాళ్ళు, తాగుడు. వాటి తర్వాత రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 1000 దాటడం లాంటివి వస్తాయి. మందుల వల్ల వచ్చేది కొద్దిమందికే, అందులో యాంటీబయాటిక్స్ వాటా ఇంకా తక్కువ. కానీ ఒక చిక్కుంది. రాళ్ళు స్కానింగ్‌లో కనిపిస్తాయి, కొవ్వు రక్తంలో కనిపిస్తుంది. ‘ఈ మాత్ర వల్లే వచ్చింది’ అని చెప్పే పరీక్ష మాత్రం ఎక్కడా లేదు. మీరు ఏ మాత్ర ఏ రోజు మొదలుపెట్టారో, నొప్పి ఏ రోజు మొదలైందో చెబితేనే డాక్టరుకి ఆ అనుమానం వస్తుంది. ఆ కబురు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.

ముందు గ్యాసా కాదా తేల్చుకోండి

మనవాళ్ళకి బొడ్డు పైన ఏ నొప్పి వచ్చినా గ్యాసే. వాము నమలడం, సోడా తాగడం, పాంటాప్రజోల్ ఒకటి వేసుకుని పడుకోవడం. నిజమే, చాలాసార్లు గ్యాసే. యాంటీబయాటిక్ వేసుకున్నాక కడుపులో తిప్పడం, మంట, రెండుసార్లు విరేచనం అవడం మామూలే. అజిత్రోమైసిన్ చాలామందికి మెలిపెడుతుంది. మెట్రోనిడజోల్‌తో నోరంతా ఇనుప రుచి వస్తుంది, మూత్రం ముదురు రంగులో రావచ్చు. వీటికి ఆసుపత్రికి పరుగెత్తక్కర్లేదు, రాసిచ్చిన డాక్టరుకి ఫోన్ చేసి అడిగితే చాలు.

డాక్సీసైక్లిన్‌ది వేరే కథ. మొటిమలకని వాడే పిల్లలు దాన్ని గుక్కెడు నీళ్ళతో మింగి వెంటనే పడుకుంటారు. మాత్ర అన్నవాహికలోనే ఆగిపోయి అక్కడ పుండు చేస్తుంది. ఛాతీ మధ్యలో మంట, మింగితే నొప్పి ఉంటాయి. అది క్లోమం కాదు. గ్లాసుడు నీళ్ళతో మింగి అరగంటైనా నిటారుగా కూర్చుంటే చాలావరకు అలా జరగదు.

క్లోమం నొప్పి తీరే వేరు. ఈ గ్రంథి పొట్ట వెనక, దాదాపు వెన్నెముకకి ఆనుకుని ఉంటుంది. అందుకే నొప్పి బొడ్డు పైన మొదలై వీపులోకి దూసుకుపోతుంది. నడుముకి పట్టీ బిగించినట్టుందని కొందరంటారు. వచ్చి పోయే నొప్పి కాదు, ఒకసారి వచ్చిందంటే గంటల తరబడి అలాగే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తెరిపిగా ఉంటుంది. వాంతయ్యాక గ్యాస్ నొప్పి తగ్గుతుంది, ఇది మాత్రం వాంతయినా తగ్గదు. తిండి పోదు.

నొప్పి ఇలా ఉండి, తగ్గకుండా గంట దాటితే బయల్దేరండి. ఊపిరి అందకపోవడం, చెమటలు, కళ్ళు తిరగడం, కళ్ళు పచ్చబడటం, జ్వరం, మూత్రం తగ్గిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది తోడైనా ఆ గంట కూడా ఆగొద్దు. గుండెపోటు కూడా కొందరిలో అచ్చం పైకడుపు నొప్పిలాగే వస్తుంది. క్యాజువాలిటీలో ముందు ఈసీజీ తీస్తే ‘కడుపు నొప్పికి గుండె పరీక్షేంటి’ అని వాదన పెట్టుకోకండి.

బయల్దేరేముందు ఐదు నిమిషాలు

యాంటీబయాటిక్ తర్వాతి డోసు వేసుకోవద్దు, డాక్టరుతో మాట్లాడేదాకా ఆపండి. కషాయాలు, సోడాలు, ‘ఖాళీ కడుపుతో ఎలా’ అని పెట్టే పెరుగన్నం, అన్నీ ఆపండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు ఒకదాని మీద ఒకటి మింగొద్దు.

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం తీసుకోండి. నొప్పితో ఉన్న మనిషి రాయలేడు కాబట్టి పక్కనున్నవాళ్ళే రాయాలి. గత నెలా రెండు నెలల్లో మింగినవి, పొడిపించుకున్నవి అన్నీ, మొదలుపెట్టిన తేదీలతో. జ్వరానికి వేసుకున్నవి, పంటికి వేసుకున్నవి, బీపీవి, ఫిట్స్‌వి, గర్భనిరోధక మాత్రలు, జిమ్ పౌడర్లు, ఆయుర్వేదం, నాటు మందు. యాంటీబయాటిక్స్ కాని మందుల్లోనూ క్లోమాన్ని వాచేలా చేసేవి ఉన్నాయి. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్, పేగుల వాపుకి వాడే అజాథయోప్రిన్ వాటిలో పేరు పడ్డవి. ఏది ముఖ్యమో మీరు తేల్చొద్దు, అన్నీ రాసేయండి.

పేర్లు గుర్తులేవా? ఫోన్ తీయండి. మందుల షాపుకి డబ్బు కట్టిన యూపీఐ చరిత్రలో తేదీ, టైము కూడా ఉంటాయి. ఆ కుర్రాడి విషయంలో మాకు రోజు తేలింది అలాగే: సోమవారం రాత్రి 9.40కి మెడికల్ షాపుకి 45 రూపాయలు. యాప్‌లో తెప్పించుకుని ఉంటే ఆర్డరు చరిత్రలో మందు పేరే ఉంటుంది. అమ్మకి వాట్సాప్‌లో పంపిన చీటీ ఫొటో ఉందేమో చూడండి. చెత్తబుట్టలో ఖాళీ స్ట్రిప్ ఉంటే అదీ వెంట తీసుకెళ్ళండి.

రాసేటప్పుడు కంపెనీ పెట్టిన పేరుతో పాటు, దాని కింద సన్నని అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కూడా రాయండి. ఒకే మందుకి మన దేశంలో డజన్ల కొద్దీ బ్రాండ్లు ఉంటాయి. పైగా విరేచనాలకిచ్చే మాత్రల్లో చాలావాటిలో ఒకటి కాదు, రెండు మందులు కలిపి ఉంటాయి.

ఇంకో సలహా, ఇది ఆరోగ్యంగా ఉన్నప్పటికి: షాపువాడు స్ట్రిప్ కోసి నాలుగు మాత్రలు కవర్లో వేస్తే, పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు మీకిమ్మనండి. లేదా పూర్తి స్ట్రిప్‌ని అక్కడే ఫొటో తీసుకోండి. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉందంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందని అర్థం. కొన్ని యాంటీబయాటిక్స్‌నీ టీబీ మందుల్నీ 2014 నుంచి హెచ్1 అనే జాబితాలో పెట్టారు. వాటిని అమ్మితే షాపువాడు డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. రాస్తున్నారా అంటే, మీరూ కొంటున్నారు కదా, మీకే తెలుసు.

ఎక్కడికి, ఏమని

వీధి చివర క్లినిక్‌కి వెళ్ళి గ్యాస్ ఇంజెక్షన్ పొడిపించుకుని రావడంతో విలువైన రాత్రి పోతుంది. రాత్రిపూట కూడా రక్త పరీక్ష, స్కానింగ్ చేసే ఆసుపత్రి కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కలాసిపాళ్యం దగ్గర విక్టోరియా, శివాజీనగర్ వైపు బౌరింగ్ ఉన్నాయి. వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటే దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికే వెళ్ళండి. పేరున్న చోటికే పోవాలని సిల్క్‌బోర్డు ట్రాఫిక్ దాటే సాహసం ఆ నొప్పితో వద్దు. 108కి ఫోన్ చేయొచ్చు. బైకు వెనక కూర్చోబెట్టి మాత్రం తీసుకెళ్ళకండి.

కన్నడ రాకపోతే ఈ రెండు ముక్కలు చాలు: "హొట్టె మేల్భాగదల్లి నోవు, బెన్నిగె హోగ్తా ఇదె. ఆంటిబయోటిక్ మాత్రె తగోతా ఇద్దీని." పైకడుపులో నొప్పి, వీపులోకి పోతోంది, యాంటీబయాటిక్ మాత్ర వేసుకుంటున్నాను అని. తెలుగు డాక్టరే దొరికినా ‘మందు’ అనే మాట వాడకండి. ‘మాత్రలు’ అనండి, ‘ఇంజెక్షన్’ అనండి. తాగే అలవాటుంటే ‘ఆల్కహాల్’ అని విడిగా చెప్పండి. అమ్మ పక్కనుందని అబద్ధం చెప్పొద్దు. అవసరమైతే ఆవిడని కాసేపు బయట కూర్చోమనండి.

లోపల ఏం జరుగుతుంది

రక్తంలో లైపేజ్, అమైలేజ్ అనే క్లోమం ఎంజైములు చూస్తారు. రెండిట్లో లైపేజ్‌నే ఎక్కువ నమ్మొచ్చు. అమైలేజ్ కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది, లైపేజ్ ఎక్కువ రోజులు పెరిగే ఉంటుంది. ఆ ల్యాబ్ గరిష్ఠ హద్దుకి మూడు రెట్లు దాటాలి. హద్దు 60 అని వేసి ఉంటే 180 అన్నమాట. రిపోర్టులో 75 అని ఎర్రగా కనిపించగానే బంధువులందరికీ ఫార్వర్డ్ చేయకండి, అది ప్యాంక్రియాటైటిస్ కాకపోవచ్చు. తగిన నొప్పి, మూడు రెట్ల లైపేజ్ లేదా అమైలేజ్, స్కాన్‌లో వాపు, ఈ మూడింటిలో రెండు ఉంటే జబ్బు ఖాయం చేస్తారు. మొదటి రెండూ ఉంటే మొదటి రోజే సీటీ స్కాన్ అక్కర్లేదు. రాళ్ళ కోసం అల్ట్రాసౌండ్ మాత్రం అందరికీ చేయాలి. ట్రైగ్లిజరైడ్లు, కాల్షియం చూశారో లేదో అడగండి. ఈ రెండూ చూడకుండా మాత్ర మీద నింద వేయడం తొందరపాటు.

చికిత్సలో గొప్ప మందేమీ లేదు. నరంలోకి సెలైన్, నొప్పి తగ్గించే ఇంజెక్షన్లు, గమనించుకోవడం. పది మందిలో దాదాపు ఎనిమిది మందికి తేలికపాటిగానే వచ్చి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఒకప్పుడు రోజుల తరబడి నోరు కట్టేసేవారు. ఇప్పుడు వాంతులు ఆగి, ఆకలేస్తే త్వరగానే తిండి మొదలుపెడతారు. బంధువులు తరచూ అడిగేది, "యాంటీబయాటిక్ ఎందుకు పెట్టలేదు?" అని. ఈ జబ్బుకి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. చచ్చిపోయిన కణజాలానికి ఇన్ఫెక్షన్ సోకినా, పిత్తనాళంలో చీము పట్టినా అప్పుడిస్తారు. పెట్టలేదంటే నిర్లక్ష్యం చేసినట్టు కాదు.

ఏ యాంటీబయాటిక్స్ మీద అనుమానం

బయట మనం మామూలుగా వాడేవాటిలో ముందు చెప్పుకోవాల్సింది మెట్రోనిడజోలే. డెన్మార్క్‌లో జనాభా రికార్డులు పట్టుకుని 2005లో వేసిన ఒక అధ్యయనంలో, ఇది వాడినవాళ్ళలో ముప్పు పెరిగిందనీ, పొట్టలో పుండ్లకిచ్చే మందులతో కలిపి వాడినవాళ్ళలో ఇంకా ఎక్కువనీ కనిపించింది. కొందరిలో మానేశాక తగ్గి, మళ్ళీ వేసుకుంటే తిరగబెట్టింది. ఒక మందు వల్లే వచ్చిందనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. టెట్రాసైక్లిన్, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే కోట్రైమాక్సజోల్, ఎరిత్రోమైసిన్, ఆసుపత్రిలో ఎక్కించే టైగీసైక్లిన్ కూడా జాబితాలో ఉన్నాయి. టీబీకిచ్చే ఐసోనయాజిడ్ కూడా అరుదుగా. ఇక్కడ మాత్రం జాగ్రత్త: నొప్పొస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి, మీ టీబీ సెంటరుకీ చెప్పండి. ఇంట్లో కూర్చుని సొంతంగా టీబీ మందులు మానేస్తే జబ్బు ముదిరి, మందులకి లొంగకుండా పోతుంది.

సెఫ్‌ట్రియాక్సోన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. టైఫాయిడ్ అనగానే నర్సింగ్‌హోముల్లో పొద్దున సాయంత్రం ఎక్కించే ఇంజెక్షన్ ఇదే. ఇది పైత్యరసంలోకి చేరి అక్కడి కాల్షియంతో కలిసి గసిలా పేరుకుంటుంది. ఎక్కువ డోసు, ఎక్కువ రోజులు, సరిగా తినకపోవడం తోడైతే మరీను. పిల్లల్లో కూడా చూస్తాం. చాలామందికి ఏ బాధా ఉండదు. కొద్దిమందిలో ఆ గసి నాళానికి అడ్డుపడి క్లోమం వాచవచ్చు. స్కాన్ చేస్తే అచ్చం రాళ్ళలాగే కనిపిస్తుంది. మందు ఆపితే మామూలుగా కొన్ని వారాల్లో దానంతటదే కరిగిపోతుంది. కాబట్టి ఆ ఇంజెక్షన్ చేయించుకున్న కొత్తలోనే ‘గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయి, తీసేయాలి’ అంటే, సర్జన్‌కి ఆ ఇంజెక్షన్ సంగతి, తేదీలతో సహా చెప్పండి. కొన్నాళ్ళాగి మళ్ళీ స్కాన్ చేద్దామా అని అడగండి. నిజమైన రాళ్ళే అయితే మాత్రం వాయిదా వేయొద్దు. తేలికపాటి వాపు తగ్గాక, ఇంటికి పంపకముందే పిత్తాశయం తీసేయడం మంచి పద్ధతి.

ఇంకో మెలిక. టైఫాయిడ్, డెంగీ, గవదబిళ్ళలు, ఇవి కూడా అరుదుగా క్లోమాన్ని వాచేలా చేస్తాయి. జ్వరం వల్ల వచ్చిందా, జ్వరానికి వేసుకున్న మాత్ర వల్లా? వానాకాలంలో బెంగళూరు వార్డుల్లో ఈ ప్రశ్న ఊరికే వేసుకునేది కాదు. అందుకే ‘ఖాయం’ అనకుండా ‘అనుమానం’ అంటాం.

ఇంటికొచ్చేముందు, వచ్చాక

డిశ్చార్జి సమ్మరీ చేతికిచ్చినప్పుడు కౌంటరు దగ్గరే చదవండి. అనుమానించిన మందు అసలు పేరు, వాడిన తేదీలు అందులో ఉండాలి. తాగని మనిషికి అలవాటు కొద్దీ ‘ఆల్కహాల్’ అని పడితే అక్కడికక్కడే దిద్దించండి. రేపు ఇన్సూరెన్సువాళ్ళు పట్టుకునేది ఆ ఒక్క మాటనే.

మళ్ళీ ఒకసారి వేసుకుని చూద్దాం, నిజంగా అదేనేమో తెలుస్తుంది, అని ఇంట్లో ప్రయోగాలు చేయకండి. అదే కుటుంబానికి చెందిన టినిడజోల్, ఆర్నిడజోల్, సెక్నిడజోల్ కూడా డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు. ‘నిడజోల్’ అనే తోకని గుర్తుపెట్టుకోండి. విరేచనాల కాంబినేషన్ మాత్రల్లో అది దాక్కుని ఉంటుంది. ఆ పేరు పర్సులో చిన్న కార్డు మీద, ఫోన్లో అత్యవసర సమాచారం దగ్గర రాసుకోండి. రూమ్మేటుకీ చెప్పండి.

కొన్నాళ్ళు సిగరెట్టు, ఆల్కహాల్ మానండి. కారణం ఏదైనా వాచిన క్లోమానికి రెండూ పడవు. ఇన్సులిన్ తయారయ్యేది కూడా ఆ గ్రంథిలోనే కాబట్టి కొన్ని నెలల తర్వాత ఒకసారి షుగర్ చూపించుకోండి.

ఒక ఫోన్ మిగిలింది. మందుల దుష్ప్రభావాల మీద నిఘా పెట్టే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. దాని కేంద్రం ఘజియాబాద్‌లో ఉంది. 1800-180-3024కి పనిదినాల్లో ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. రోగులే స్వయంగా నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. డాక్టరు మీదో షాపు మీదో ఫిర్యాదు కాదది. ఇంత అరుదైన సంగతులు అలా ఒకటొకటిగా చేరితేనే లెక్కకొస్తాయి.

ఆ కుర్రాడికి రాళ్ళు లేవు, కొవ్వు మామూలుగానే ఉంది, కాల్షియం సరిగ్గానే ఉంది. ఐదో రోజు ఇంటికెళ్ళాడు. ఏడు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోన్. "అన్నా, జ్ఞానదంతం తీశారు. వాపుకని రెండు రాశారు, రెండోదాని ఫొటో పెట్టినా, చూడు." చూశాను. ‘డజోల్’ ఉంది. "కార్డు చూపించినావా?" "పర్సు రూములో మర్చిపోయినా." వెనక్కి వెళ్ళి చెప్పమన్నాను. పావుగంట తర్వాత ఇంకో ఫొటో వచ్చింది. అదే చీటీ, రెండో వరుస కొట్టేసి ఉంది. పక్కన కొత్త పేరు.